లోపలి రెండు వేళ్ల గుడ్డ

ఒక బీరువాలో ఒక ఆకుపచ్చ జాకెట్టు ఉండేది. ఇంటి ఇల్లాలికి అది అతికినట్టు సరిపోయేది. అందుకే దానికి తన కొలతంటే మహా గర్వం. ఒక్కటే చిరాకు. కుట్టేటప్పుడు దర్జీ రెండు పక్కలా లోపల రెండేసి వేళ్ల గుడ్డ అదనంగా మడిచి వదిలేశాడు.

"పనీ పాటా లేకుండా కూర్చుంటావు, పైగా గుచ్చుకుంటావు," అని జాకెట్టు ఆ మడతను రోజూ దెప్పేది. మడత నోరు మెదిపేది కాదు.

ఒకనాడు ఊళ్లోకి జబ్బు వచ్చింది. ఎవరూ గడప దాటొద్దన్నారు. బీరువా తలుపూ మూతపడింది. ఇక జాకెట్టుకి లోకమంటే తలుపు సందులోంచి వచ్చే వాసనలే. పొద్దున పెసరట్టు, పదింటికి పకోడీ, సాయంత్రం బజ్జీ. మధ్యలో ఇంటాయన గొంతు వినిపించేది. "ఇంకో వాయి వెయ్యవోయ్, ఎక్కడికి పోవాలి గనక!"

దండెం మీది నైటీ గాలికి ఊగుతూ పకపకా నవ్వేది. "నాకు కొలతల గొడవే లేదమ్మా. ఆవిడ ఎంతైతే నేనూ అంతే!"

ఏడాది తిరిగింది. తలుపులు తెరుచుకున్నాయి. చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. ఇల్లాలు జాకెట్టు తీసి తొడుక్కుంది. చేతులు ఎలాగో దూరాయి. హుక్కులూ కాజాలూ మాత్రం ఒకదాన్నొకటి దూరం నుంచే చూసుకున్నాయి.

"ఒళ్లు చేశావోయ్," అన్నాడు ఇంటాయన, పొట్ట మీంచి జారుతున్న పంచె పట్టుకుంటూ.

"మీరేమో చిక్కి సగమయ్యారు పాపం!" అంది ఆవిడ. ఇద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు.

జాకెట్టుకి నవ్వు రాలేదు. పాత ఎర్ర జాకెట్టు ఇలాగే బిగుతై, వంటింట్లో మసిగుడ్డ అయిపోయింది. తన గతీ అంతేనని దానికి ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో ఆవిడ బ్లేడు పట్టుకుని వచ్చింది.

ఆవిడ జాకెట్టు తిరగేసి, అంచు కుట్టు ఉంచి, పక్కల లోపలి వరస కుట్లు ఒక్కొక్కటే విప్పింది. ఇన్నేళ్లూ చీకట్లో ఉన్న మడత మెల్లగా ఒళ్లు విరుచుకుంది. మళ్లీ తొడుక్కుంటే హుక్కులు కాజాల్లో పడ్డాయి. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అద్దంలో చూసుకుని జాకెట్టు తెల్లబోయింది. ఎండకీ ఉతుకులకీ తను ఎప్పుడో వెలిసిపోయింది. పక్కల ఆ రెండు వేళ్ల గుడ్డ మాత్రం చిలకపచ్చగా నిగనిగలాడుతోంది.

"ఇదేం రంగండీ?" అని అడిగింది జాకెట్టు, ఎంతో మర్యాదగా.

మడత తొలిసారి నోరు విప్పింది.

"నీ రంగేనమ్మా," అంది. "గుడ్డ కొన్న రోజుది."