పదకొండు గుమ్మాలు

తబితకి "తెలీదు" అనడం రాదు.

చిన్నప్పటి నుంచీ అంతే. బళ్ళో పంతులుగారు ప్రశ్న పూర్తిచెయ్యకముందే చెయ్యెత్తేది. నర్సు చదువులో అందరికంటే ముందు నిలిచింది. చదువయ్యాక పురుళ్ళ పని నేర్చుకుందామని జీడితోటల సీమ ఉద్దానంలో రాహేలమ్మగారి దగ్గరికి వచ్చింది.

రాహేలమ్మది చర్చి వెనక రెండు గదుల ఆసుపత్రి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు, పొట్టు తీసే ఆడవాళ్ళు, జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళతో ఆవిడ దగ్గరికి వచ్చేవారు. ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల పుట్టిన పిల్లల్లో సగంమంది ఆవిడ చేతుల్లోకే వచ్చారు.

ఆవిడలో తబితకి ఒక్కటే నచ్చేది కాదు. ఎవరైనా వచ్చి, "నెలసరి రాలేదు, కడుపేనా అమ్మా?" అని అడిగితే, అంత అనుభవమున్న మనిషి, "ఇంకా తెలీదమ్మా, చూద్దాం" అనేది.

ఒకరోజు తబిత ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, మీరే తెలీదంటే వాళ్ళకి మన మీద నమ్మకం ఎలా ఉంటుంది? నెలసరి ఆగిపోవడం, వాంతులు, కళ్ళు తిరగడం... ఇవి చూస్తే తెలిసిపోదా?"

రాహేలమ్మ మరిగిన నీళ్ళలోంచి కత్తెరలు తీసి గుడ్డ మీద ఆరబెడుతోంది.

"తెలిసిపోయినట్టే ఉంటుంది" అని మాత్రం అంది.

ఆ వారమే రాహేలమ్మ పక్క ఊళ్ళో పురుడుందని పొద్దున్నే వెళ్ళింది. ఆసుపత్రిలో తబిత ఒక్కతే ఉంది. దాలమ్మ అనే ఆవిడ తన కోడలు కుసుమని వెంటబెట్టుకుని వచ్చింది. కుసుమకి పంతొమ్మిదేళ్ళు. పెళ్ళై పది నెలలు. భర్త లారీ మీద తిరుగుతూ వారానికోసారి ఇంటికొస్తాడు.

"పన్నెండు రోజులు దాటిపోనాది నర్సమ్మగోరూ" అంది దాలమ్మ. "నిన్న వాంతి సేసుకుంది. పొద్దున కళ్ళు తిరిగి కూలబడిపోనాది. కాస్త సూడండమ్మా."

తబిత కుసుమ కనురెప్ప కిందికి లాగి చూసింది. నాడి పట్టుకుంది. కుసుమ ఏదో చెప్పబోయింది.

"నర్సమ్మగోరూ, నాకు ఇంతకుముందు కూడా..."

"భయపడకు" అంటూ తబిత ఆ పిల్ల భుజం తట్టి, దాలమ్మ వైపు తిరిగి నవ్వింది. "నాయనమ్మవి కాబోతున్నావు."

దాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తబిత రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ రోజంతా తబితకి కాళ్ళు నేల మీద ఆనలేదు. మూత్రం చుక్క వేసి చూసే కార్డులు సొరుగులోనే ఉన్నాయి. సొరుగు తెరవాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు.

మూడు వారాలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం దాలమ్మ ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనక కుసుమ, చేతిలో బట్టల సంచితో.

"పుట్టింటికి పంపించేస్తన్నాను" అంది దాలమ్మ గట్టిగా. "ఎల్లేముందు మీరే అడగండి, ఏటి తిన్నాదో, ఏటి సేసిందో. మీరు సెప్పిన అయిదో రోజే మొత్తం పోనాది. పదకొండు ఇళ్ళకి మిఠాయి పంచినాను నేను! ఇష్టం లేక తీయించేసుకుందని ఊరు ఊరంతా అంటన్నారు."

తబిత ముఖం తెల్లబోయింది. రాహేలమ్మ లేచి, దాలమ్మని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి కుసుమ ఎదురుగా కూర్చుంది.

"నిన్న ఏం తిన్నావమ్మా?"

కుసుమ ఆలోచించింది. "టీ తాగాను. సాయంత్రం కొంచెం గంజి."

"మొన్న?"

"అంతే. మా నాన్న పోయి రెండు నెలలైంది. అప్పట్నుంచీ ముద్ద దిగదు. పండగ సరుకు పంపాలని జీడి మిల్లులో రెండు పూటలూ పనికి రమ్మన్నారు. పిక్కలు కాల్చే పొగకి కడుపులో తిప్పుతాది."

"నెలసరి ఇంతకుముందెప్పుడైనా ఇలా ఆగిందా?"

"పెళ్ళికి ముందు రెండుసార్లు. టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒకసారి, అమ్మకి ఆపరేషనప్పుడు ఒకసారి."

"ఆ రోజు ఈ మాటలు చెప్పలేదా తల్లీ?"

కుసుమ తబిత వైపు చూసి తల దించుకుంది.

"చెప్పబోయాను. నర్సమ్మగోరు సంతోషంగా ఉన్నారు."

రాహేలమ్మ ఆ పిల్లని బరువు తూచే మిషను మీద నిలబెట్టింది. ముప్ఫయ్యారు కిలోలు. తర్వాత సొరుగు లాగి ఒక కార్డు తీసి, తబిత ముందు బల్ల మీద పెట్టింది.

తబిత కార్డు వైపే చూస్తూ అడిగింది. "ఇప్పుడు చేస్తే తెలుస్తుందా అమ్మగారూ? అప్పుడు ఉందో లేదో?"

"ఆ రోజు అడిగితే చెప్పేది. ఇప్పుడు దానికీ తెలీదు."

వరండాలోకి వెళ్ళి రాహేలమ్మ దాలమ్మ పక్కనే కూర్చుంది. తబిత, కుసుమ వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"దాలమ్మా, నీ కోడలికి కడుపు వచ్చి పోయిందో, అసలు రానేలేదో నాకు తెలీదు. ఇక ఎవరూ చెప్పలేరు. వచ్చే ఉంటే, అంత తొందరగా పోయేది తిన్నదాని వల్లా చేసిన పని వల్లా పోదు, చాలాసార్లు దానంతట అదే పోతుంది. రాకపోయి ఉంటే, తిండి లేక, దిగులు పట్టి, ఒళ్ళు హూనమై నెలసరి వెనక్కిపోయింది. ఎలా చూసినా పిల్ల తప్పు లేదు. తెలీకుండానే తెలుసన్నది మేము."

'మేము' అన్న మాట తబితకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆ రోజు రాహేలమ్మ ఊళ్ళోనే లేదు.

దాలమ్మ మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత కోపం తగ్గని గొంతుతోనే అంది. "నాకు మీరు సెప్పినారు. ఆ పదకొండు ఇళ్ళకీ ఎవులు సెప్తారమ్మా?"

రాహేలమ్మ లోపలికెళ్ళి మాత్రల డబ్బా తెచ్చింది. తబిత వైపు చూడలేదు. మందుల చీటీ రాసే కాగితం ఒకటి, పెన్సిలు ఒకటి బల్ల అంచున పెట్టి, కుసుమకి రక్తహీనత మాత్రలు లెక్కపెట్టడంలో పడింది.

తబిత ఆ కాగితం అందుకుంది.

"ఏ ఏ ఇళ్ళో చెప్పు దాలమ్మా" అంది.

దాలమ్మ నమ్మనట్టు చూసింది. తర్వాత ఒక్కో పేరే చెప్పింది. తబిత రాసుకుంది. పదకొండూ అయ్యాక మెట్ల కింద విడిచిన చెప్పులేసుకుంది.

"అమ్మగారూ, నేను వచ్చేసరికి..."

"సాయంత్రం దాకా నేను చూసుకుంటాను" అంది రాహేలమ్మ.

దాలమ్మ కుసుమ చేతిలో సంచి లాక్కుని బస్టాండు వైపు కాకుండా ఇంటి వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. కానీ వీధి మలుపులో ఆగి, కోడలు తనని కలుసుకునేదాకా నిలబడింది.

మొదటి ఇంట్లో తబిత గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ ఇంటావిడ రెండుసార్లు "ఏటమ్మా?" అన్నాక కళ్ళు మూసుకుని చెప్పేసింది.

"దాలమ్మ కోడలికి కడుపని చెప్పింది నేను. పరీక్ష చెయ్యకుండానే చెప్పాను. ఆ పిల్ల ఏమీ తీయించుకోలేదు. తప్పు నాది."

రెండో ఇంట్లో ముసలామె నవ్వింది. మూడో ఇంట్లో, "ఇదేటి నర్సు సదువు!" అని మొహం మీదే తలుపేశారు. తబిత తలుపు మళ్ళీ కొట్టింది. తీశాక మాట మొత్తం చెప్పి, విన్నారని తేల్చుకుని కదిలింది. అయిదో ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు పొట్టు తీస్తూ కూర్చున్నారు. అక్కడ నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఏడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. మాట మాత్రం ఇప్పుడు తడబడకుండా వస్తోంది.

తొమ్మిదో ఇల్లు తులసమ్మది. నలభై నాలుగేళ్ళ మనిషి. ఇద్దరు కూతుళ్ళకీ పెళ్ళిళ్ళు చేసింది. తబిత చెప్పిందంతా విని, వీధిలోకి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"నాకూ రెండు నెలలై రావట్లేదు నర్సమ్మా. వయసు కదా, ఆగిపోనాదని ఊరుకున్నాను. అందులోనూ ఈమధ్య ఏది తిన్నా పులుపే తినాలనిపిస్తంది. సెప్పు, ఏటంటావు? ఆగిపోవడమేనా? లేకపోతే... ఈ వయసులో?"

తబిత ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళలో భయముంది. ఏదో ఒకటి చెప్పేస్తే ఆ భయం ఈ క్షణమే తగ్గుతుంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని తబిత మింగేసింది.

"నాకు తెలీదు తులసమ్మా" అంది. "ఆగిపోయి ఉండొచ్చు. కడుపైనా అయి ఉండొచ్చు, ఈ వయసులో రాకూడదని లేదు. వేరే కారణం కూడా ఉండొచ్చు. రేపు లేవగానే మొదటి మూత్రం చిన్న సీసాలో పట్టుకుని రా. చూద్దాం. ఈలోగా ఎవరిచ్చిన మందూ మింగకు."

తులసమ్మ లోపలికి వెళ్ళిపోయింది. తబిత మిగిలిన రెండిళ్ళకీ వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రాహేలమ్మ అన్నం వడ్డించింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రి ముందు ఎప్పుడూ ఉండేంత మందే ఉన్నారు. తులసమ్మ చెంగు చాటున సీసా పెట్టుకుని అందరినీ దాటుకుని లోపలికి వచ్చింది. కుర్చీలో కూర్చున్న రాహేలమ్మ సీసా కోసం చెయ్యి చాచింది.

"మీరు కాదమ్మా" అంది తులసమ్మ మొహమాటంగా. "ఆ తెలీదన్న నర్సమ్మ కావాలి."

రాహేలమ్మ తన కుర్చీలోంచి లేచింది. కుర్చీని తబిత వైపు జరిపి, బయటికి నడిచి, వెనకాలే తలుపు దగ్గరగా వేసింది.