బండ మీది ఊట

అనగనగా, కొండలు ఎక్కువా చెట్లు తక్కువా ఉన్న ఒక అడవిలో సింగారి అనే దుప్పి ఉండేది. చిన్నప్పుడు వేటగాడి ఉచ్చులో పడి ఆమె వెనక కాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. చదును నేల మీద ఎలాగో కుంటుకుంటూ నడిచేది. రాయి ఎక్కమంటే మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు.

ఆ అడవికి ఒక సభ ఉండేది. దానికి పెద్ద అడవిదున్న. సభకు పాత కట్టుబాటు ఒకటి ఉంది. అందరికీ సంబంధించిన ఏ పనైనా తలపెట్టే ముందు నడవలేనివాళ్లనీ, చూపు లేనివాళ్లనీ, వినపడనివాళ్లనీ పిలిచి, "ఇలా చేస్తే మీకెలా ఉంటుంది?" అని అడగాలి. వాళ్ల మాట విన్నాకే నిర్ణయం.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు ఎండిపోయింది. వాగు ఇసుకలో ఒక చెలమ, పక్కనే నిటారుగా ఉన్న నల్ల బండ మీద ఒక ఊట, ఈ రెండే మిగిలాయి. చెలమ దగ్గర తొక్కులాట ఎక్కువై నీళ్లన్నీ బురదయ్యాయి. సభ కూర్చుంది.

"చెలమను ముళ్లకంపతో మూసేద్దాం. ఇక అందరూ బండెక్కి ఊట దగ్గర వరసలో తాగాలి," అన్నాడు దున్న.

"ముందు అడగాల్సినవాళ్లని అడగాలి కదా?" అంది ఎలుగు.

"ఎండలు ముదురుతున్నాయి. ఒక్కొక్కళ్లనీ పిలిచి అడిగే తీరిక ఎక్కడిది? ఆ కట్టుబాటును పక్కన పెడదాం. అయినా నియమం అందరికీ ఒకటే. ఇందులో అన్యాయం ఏముంది?" అన్నాడు దున్న.

ఎలుగు తలూపింది. మిగతావాళ్లూ తలలూపారు. సాయంత్రానికల్లా చెలమ మూతపడింది.

మర్నాడు సింగారి బండ కిందికి వెళ్లింది. అక్కడ కాపలా ఉన్న కొండముచ్చును అడిగింది.

"బాబాయ్, నేను ఎక్కలేను. చెలమ ఒక్క పక్కనైనా తెరిపించు."

"నా చేతుల్లో ఏముందమ్మా? సభకు చెప్పుకో."

"సభ ఎక్కడ జరుగుతోంది?"

కొండముచ్చు తల గోక్కున్నాడు. "బండ మీదే. ఊట పక్కన చల్లగా ఉంటుందని అక్కడే కూర్చుంటున్నారు."

సింగారి కింద నిలబడి గొంతెత్తి పిలిచింది. ఆమె గొంతు సగం దాకా కూడా వెళ్లలేదు.

దారిలో ఎలుగు కనిపిస్తే తన బాధ చెప్పుకుంది. ఎలుగు జాలిపడింది. "నేను తెచ్చిపెడతాలే," అని మోదుగాకు దొప్పలో నీళ్లు తెచ్చింది. కొన్నాళ్లు తెచ్చింది. తర్వాత ఎక్కడో తేనెపట్టు కనబడి ఆ సంగతి మరిచిపోయింది. ఎలుగు వస్తుందేమోనని సింగారి దారి చూస్తూ కూర్చునేది. దాహం కన్నా ఆ ఎదురుచూపే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

చివరికి ఆమెను ఆదుకున్నది ఎల్లన్న అనే ముళ్లపంది. ఎల్లన్నకు రెండు కళ్లూ కనపడవు. అతని భార్య పోలమ్మ పసిపిల్లలతో బొరియలో ఉంది.

"నాకు కాళ్లున్నాయి, నీకు కళ్లున్నాయి. నువ్వు కింద నుంచి దారి చెప్పు బిడ్డా, నేను ఎక్కుతాను," అన్నాడు.

సింగారి కింద నుంచి "కుడికి, మామా. ఇప్పుడు ఎడమకు. అక్కడ ఆగు," అని చెప్పేది. ఎల్లన్న పైకెళ్లి తాగి, ఊట పక్కన పెరిగిన తడి పాచిని నోటినిండా కరుచుకుని దిగేవాడు. కొంత సింగారికి, కొంత పోలమ్మకు. సింగారి ఆ పాచిని పీల్చుకుని గొంతు తడుపుకునేది.

ఒక రోజు ఎల్లన్న దిగుతుంటే, పైనుంచి అడవిపందుల గుంపు అరుచుకుంటూ పరుగున దిగింది.

"ఆగు మామా, కదలకు," అంది సింగారి.

ఆ రొదలో అతనికి వినపడలేదు. ఒక్క అడుగు ముందుకు వేశాడు. అక్కడ రాయి లేదు.

సింగారి కుంటుకుంటూ దగ్గరికి చేరేసరికి అతనిలో ఊపిరి లేదు. నోట్లో పాచి అలాగే ఉంది. ఆమె నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అయినా ఆ పాచిని ముట్టుకోలేకపోయింది.

కబురు తెలిసి సభ మొత్తం బండ దిగి వచ్చింది. దున్న ముందుకొచ్చి ఎల్లన్న పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"సింగారీ, నీకు రోజూ నీళ్లు తెచ్చేందుకు ఒకణ్ణి పెడతాం. నీకే లోటూ రానివ్వం."

"నాకొక్కదానికే వద్దు పెద్దయ్యా," అంది సింగారి. "నీళ్లు తెచ్చేవాడు రేపు మరిచిపోతాడు. మీరు తీసేసిన కట్టుబాటును మళ్లీ పెట్టండి. చెలమ తెరవండి, తొక్కులాట లేకుండా అక్కడ వరస పెట్టండి. సభ చదును నేల మీద కూర్చోవాలి. ఇవన్నీ మీరు ముందే అడిగుంటే ముందే చెప్పేదాన్ని."

ఎలుగు తల దించుకుంది. అక్కడే, ఆ నేల మీదే నిలబడి సభ కట్టుబాటును తిరిగి పెట్టింది. చెలమ మీది కంప తీశారు. సింగారి ఒంగి తాగింది. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"ఇప్పుడు నీకు సంతోషమేనా?" అన్నాడు దున్న.

"నేను తాగగలుగుతున్నాను. సంతోషం సంగతి పోలమ్మత్తను అడగండి."

దున్న ఒక్కడే బొరియ దాకా వెళ్లాడు. లోపల పిల్లలు తండ్రి వచ్చాడనుకుని గునగునా బయటికి వచ్చాయి. వాటి వెనక, కబురు ఇంకా తెలియని పోలమ్మ వచ్చి నిలబడింది. "ఏంటయ్యా ఇలా వచ్చావు?" అంది.

కట్టుబాటు ప్రకారం అడగాల్సిన "మీకెలా ఉంటుంది?" అన్న మాట అతని నోటిదాకా వచ్చింది. కానీ బయటికి రాలేదు. ఆ పసికూనల ముందు తల వంచుకుని అలాగే నిలబడిపోయాడు.

నీతి: అందరినీ ఒకే బండ ఎక్కమనడం సమానత్వం కాదు. నలుగురి కోసం నిర్ణయాలు తీసుకునేవాళ్లు, ఎక్కలేనివాళ్లను ముందే అడగాలి. తర్వాత అడుగుదామంటే, జవాబు చెప్పాల్సినవాళ్లు అప్పటికి మిగలకపోవచ్చు.