గలీబు ఇంటికి, దూది ఇక్కడ

నబీరసూలు పరుపును నెత్తిన పెట్టుకుని కొండ కింది దర్గాకు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. పరుపు బరువు ఏపాటిది! తలలో ఉన్న బరువే ఎక్కువ.

రేపు పొద్దున్నే వస్తే మంచం ఉంటుంది, రాకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం అని కర్నూలు దారిలోని వైద్యకేంద్రం వాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. మంచం అంటే ఒక పూట పడుకుని లేచి వచ్చే మంచం కాదు. లోపలికి పోతే నెలల తరబడి అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. లారీ తాళాలూ ఫోనూ బయటే వదిలెయ్యాలి. మత్తుకు అలవాటు పడినవాళ్ళను అట్లా లోపల ఉంచి బాగుచేస్తారట. రసూలుది అసలు మత్తు కూడా కాదు, దానికి తిరగేసింది. నిద్రను చంపే మందు.

ఆదోని పత్తి బేళ్ళు లారీకెత్తుకుని రాత్రంతా నడపాలి. తోటి డ్రైవరొకడు దాబా దగ్గర ఒక మాత్ర చేతిలో పెట్టి, "నిద్ర రాదు, దారి తరుగుతాది" అన్నాడు. నిజంగానే తరిగింది. కొన్నాళ్ళకు మాత్ర పోయి తెల్లపొడి వచ్చింది. ఏకు మేకై కూర్చోవడం అంటే ఏమిటో దూదేకులవాళ్ళ పిల్లవాడికి ఇంకొకరు చెప్పాలా? అయినా చూసుకునేసరికి మేకు దిగే ఉంది. రాత్రుల కొద్దీ కంటిమీద కునుకు ఉండదు. తర్వాత పడితే శవంలా నిద్ర. ఆ రెంటి మధ్యలో అనుమానాలు.

పోవాలా వద్దా అంటే తలా ఒక మాట. డాక్టరు పొమ్మన్నాడు. భార్య పేరు మాబున్ని, ఆమె కూడా పొమ్మంటోంది. అత్త మాత్రం "కట్టేసి కొడతారంట, పోయినోడు మనిషిగా రాడంట" అని కళ్ళు ఒత్తుకుంటోంది. లారీ ఓనరు "నాలుగు రోజులు ఇంట్లో పండుకుని మజ్జిగ తాగు, అదే దిగుతాది" అన్నాడు. రోగి కోరిందీ వైద్యుడు చెప్పిందీ ఒకటి కావడం సామెతలోనే కుదురుతుంది. ఇక్కడ రోగికి తానేం కోరుతున్నాడో కూడా తెలియడం లేదు. పొద్దున పోదామనిపిస్తుంది. మధ్యాహ్నానికి ఎందుకు పోవాలనిపిస్తుంది. సాయంత్రానికి ఆ రెండూ అనుకున్నది తానేనా అనిపిస్తుంది.

అందుకని హుసేనప్ప తాతను అడుగుదామని వచ్చాడు.

తాత ఆ దర్గా చూసుకునే పెద్దాయన. మిషన్లొచ్చాక ఊళ్ళో దూది ఏకే విల్లులన్నీ అటకెక్కాయి గానీ, దర్గా పక్క రేకుల షెడ్డులో తాత విల్లు ఇంకా మోగుతూనే ఉంది. గురువారం వస్తే జనం కష్టాలు మూటగట్టుకుని వస్తారు. తాత తాయెత్తు కట్టడు, జోస్యం చెప్పడు. అంతా విని, "సరే, ఆ దూది ఇట్ల జరుపు" అంటాడు. కొందరికి అదే చాలు. మీసాలు మొలిచే వయసులో రసూలు ఆయన చేతిలో చెయ్యి పెట్టి శిష్యుడయ్యాడు. అప్పుడు తాత ఒకటే అడిగాడు. "దాచుకోకుండా ఉంటావా?" ఉంటానన్నాడు రసూలు. ఈమధ్య గురువారాలు అటు రావడమే మానేశాడు.

"తాతా, ఈ పరుపు కొంచెం సరిచేసి ఇయ్యి. సాయంత్రానికి కావాల. పాప పండుకోవాల."

తాత పరుపు చుట్టూ తిరిగి చూశాడు. ఒక పక్కంతా గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో, వంకరటింకరగా కుట్టి ఉంది.

"ఎవరు కుట్టినారు?"

"నేనే."

"ఎవరు కోసినారు?"

రసూలు నేల చూపులు చూశాడు. "నేనే."

పరుపు కోసిన రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరో తన మాటలు వింటున్నారనిపించింది. నిద్ర పోయి ఎన్ని రోజులైందో. పరుపులో ఫోను పెట్టి కుట్టారని గట్టిగా తోచింది. దాని మీద కూతురు షంషాద్ పడుకుని ఉంది. పిల్లను పక్కకు జరిపాడో, అదే లేచి ఉరికిందో గుర్తులేదు. బ్లేడుతో ఈ చివర నుంచి ఆ చివరకు కోశాడు. ఇల్లంతా దూది. మూలకు ఒదిగి నిలబడి పిల్ల చూసిన చూపు మాత్రం గుర్తుంది.

తెలివిలోకి వచ్చాక సిగ్గేసింది. మాబున్ని వచ్చేలోగా నేల మీదున్నదంతా ఊడ్చి, చేతికందినట్టు కూరి, కుట్టేశాడు. ఏకకుండా దూది కూరడం దూదేకుల ఇంట్లో పుట్టినవాడు చెయ్యాల్సిన పనేనా? తెలిస్తే కులంలో నవ్వుతారు. పిల్ల మళ్ళీ ఆ పరుపు ఎక్కలేదు. పక్కింట్లో పడుకుంటోంది. తండ్రి ఇంట్లో ఉంటే గడప తొక్కదు, మాట్లాడదు.

"ఇంకొకటి కూడా అడగాల తాతా. రేపు ఆ కేంద్రానికి పోవాల్నా, వద్దా? నువ్వు ఏం చెప్తే అదే చేస్తా."

"పరుపుకు వచ్చినావా, దానికి వచ్చినావా?"

"రెండింటికీ."

"అయితే ముందు పరుపు." తాత గోడకు ఆనించిన కర్ర చూపించాడు. "ఎండలో ఏసి కొట్టు."

రసూలుకు అర్థం కాలేదు. గడ్డకట్టిన దూదిని పైనుంచి బాదితే మెత్తబడదని తాతకు తెలియదా? పెద్దాయనకు మతి గానీ తప్పుతోందా? అయినా గురువు చెప్పాడు కదా అని కొట్టాడు. దుమ్ము లేచింది. ఆ దుమ్ము చూస్తే ఏదో పని జరుగుతున్నట్టే ఉంది. కొడుతూనే మాట్లాడాడు.

"ఇంట్లోనే ఉండి మానుకోలేనా తాతా? రంజాన్ నెల నెలంతా ముట్టల్యాదు గదా. నువ్వే చూసినావు."

తాత తల ఊపాడు. ఔననో కాదనో తెలియలేదు.

"పండగ అయినాక మళ్ళీ..." అని ఆగి రసూలు కర్ర ఇంకా గట్టిగా వేశాడు. "అది వేరే సంగతి."

పరుపు తిరగేసి ఆ పక్క కూడా బాదాడు. "లోపల కూర్చుంటే లారీ ఇంకొకనికి ఇస్తారు. ఊరంతా తెలుస్తాది. దానికంటే ఇక్కడే ఉంటా తాతా. దర్గా ఊడుస్తా, నీళ్ళు తెస్తా. నీ నీడలో ఉంటే నాకేమవుతాది?"

"పండుకో," అన్నాడు తాత.

"ఏమి?"

"కొట్టింది చాలు. దాని మీద పండుకో."

రసూలు పడుకున్నాడు. ఆకాశం తెల్లగా కళ్ళలో పొడిచింది.

"ఎట్లుంది?"

"దుమ్ము పోయింది తాతా."

"నేను దుమ్ము సంగతి అడగల్యాదు."

రసూలు అటూ ఇటూ మెసిలాడు. "గడ్డలు గడ్డలుగానే ఉంది. వీపుకు ఏదో గుచ్చుకుంటాంది."

"అయితే విప్పు."

తాత ఇంటి కట్టుబాటు ఒకటుంది. పరుపు ఎవరిదో వాళ్ళే కుట్లు విప్పాలి, తాత ముట్టడు. జనం పరుపుల్లో ముక్కుపుడకలు దాస్తారు, నోట్లు దాస్తారు, దాచి మరిచిపోతారు. రేపు ఏదైనా కనబడకపోతే దూదేకులవాడి మీద మాట రాకూడదని తాత తండ్రి పెట్టిన పద్ధతి అది. రసూలుకు తెలియనిది కాదు. అయినా తాత అందించిన బ్లేడు చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"బ్లేడు వద్దు తాతా."

"కుట్టింది నువ్వే గదా."

"నా చేతికి వద్దు."

తాత బ్లేడు రేకు సందులో దోపేశాడు. "వేళ్ళతో విప్పు మరి."

పురికొస ముడులు వేళ్ళతో విప్పడం ఎంత పనో విప్పేవాడికే తెలుస్తుంది. గోళ్ళు మండాయి. ఇంత గట్టిగా ఎవడు కుట్టమన్నాడురా అని తనను తానే తిట్టుకున్నాడు. తాత పొయ్యి మీద టీ పడేసి, షెడ్డు నీడలో కూర్చుని విల్లుకు నారి బిగించుకుంటున్నాడు.

చివరికి పరుపు నోరు తెరిచింది. లోపల దూది ఎక్కడ? ఉండలు, వేరుశనగ పొట్టు, చీపురు పుల్లలు, విరిగిన గాజు ముక్క. ఆ రోజు నేల మీద ఏముంటే అదంతా దూదితో పాటు లోపలికి పోయింది. వీపుకు గుచ్చుకున్నది షంషాద్ తల క్లిప్పు, ఎర్ర సీతాకోకచిలుకది. పోయిందని పిల్ల ఇల్లంతా వెతుక్కుంది.  దాన్ని జేబులో వేసుకుని మళ్ళీ చెయ్యి పెట్టాడు.

ఈసారి వేళ్ళకు నున్నగా తగిలింది. చిన్న ప్లాస్టిక్ పొట్లం. చూడకుండానే తెలిసిపోయింది. అడుగున కొంచెం మిగిలి ఉంది.

  తాత తల వంచుకుని నారి సరిచూసుకుంటున్నాడు, ఇటు చూడలేదు. రేపు ఎట్లాగూ పోతాను, పోయేముందు ఒక్కసారి అనుకున్నాడు రసూలు. పోకపోతే ఇంట్లోనే మానుకుంటాను, మానేముందు ఒక్కసారి అనుకున్నాడు. పోవడానికైనా పోకపోవడానికైనా దారి ఆ పొట్లం మీదుగానే ఉన్నట్టు తోచింది. ఇందులో ఏది తన మాటో ఏది దాని మాటో తెలియలేదు.

"చెత్త ఏమన్నా ఉంటే పొయ్యిలో వెయ్యి," అన్నాడు తాత తల ఎత్తకుండా.

రసూలు పుల్లలు వేశాడు. పొట్టు వేశాడు. గాజు ముక్క పక్కన పెట్టాడు. కుడి పిడికిలి మాత్రం పిడికిలిగానే ఉంది. వేద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. చెయ్యి వినలేదు.

"తాతా."

"ఊఁ."

"ఈ చెయ్యి తెరుచుకోవడం ల్యాదు తాతా."

తాత విల్లు పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అందులో ఏముందని అడగలేదు. వేళ్ళు లాగలేదు. తన అరచెయ్యి చాచి, రసూలు పిడికిలి కింద పెట్టి ఊరుకున్నాడు. శిష్యుడైన రోజు పట్టుకున్నది కూడా ఆ చెయ్యే.

టీ పొంగి నిప్పుల మీద పడింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఎంతసేపు అట్లా ఉన్నారో రసూలుకు తెలియదు. ముందు చిటికెన వేలు వదిలింది. తర్వాత మిగతావి. పొట్లం తాత అరచేతిలో పడింది. తాత దాన్ని చూడనైనా చూడకుండా పొయ్యిలో వేశాడు.

అప్పుడు రసూలు ఏడ్చాడు. చిన్నపిల్లవాడిలా, ముక్కు కారేలా ఏడ్చాడు. "ఇంట్లో ఇంకా యాడుందో నాకే తెలీదు తాతా. దాచింది నేనే. యాడ దాచినానో నాకే తెలీదు."

తాత విన్నాడు. విని లేచి, దూదినంతా రెండు చేతులా ఎత్తి షెడ్డులో పోసుకున్నాడు. ఖాళీ అయిన పరుపు గలీబును దులిపి, మడిచి, శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఇదేమి తాతా? సాయంత్రానికి పరుపు కావాలంటి గదా."

"గలీబు ఇంటికి. దూది ఇక్కడ."

"దూది కూడా ఇయ్యి, ఇంటికి తీసుకపోయి ఏకుకుంటా. ఆ మాత్రం నాకు చేతగాదా?"

"పిల్ల ఉండే ఇంట్లో ఏకుతావా? ఆ దుమ్మంతా ఎవరి ముక్కులోకి పోవాల?"

రసూలు గలీబును చంకలో పెట్టుకున్నాడు. "ఎన్నాళ్ళు పడతాది?" అన్నాడు.

"దూదిని అడగాల."

"మరి నేను అడిగినదానికి?"

తాత అప్పటికే విల్లు అందుకున్నాడు. నారి మోగింది. నారి మోత మొదలైతే తాతకు మనిషి మాట వినబడదు. తెల్లటి పొగలా దుమ్ము లేచి షెడ్డు నిండింది. రసూలు గలీబు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఆయన చెప్పాడో, చెప్పలేదో. అడిగినదానికి బదులు దొరికిందో, లేదో. దగ్గు వచ్చేసరికి వెనక్కి తిరిగాడు.

ఇంటికి వచ్చేసరికి మాబున్ని వాకిట్లో నీళ్ళు పట్టుకుంటోంది. "పరుపేది?" అంది, మడిచిన గుడ్డ చూసి. రసూలు గలీబు ఆమె చేతికిచ్చాడు.

పక్కింటి గడపలో షంషాద్ నిలబడి ఉంది. రసూలు దాని దగ్గరికి పోలేదు. జేబులో నుంచి క్లిప్పు తీసి, రెండిళ్ళ మధ్యనున్న అరుగు మీద పెట్టి వెనక్కి వచ్చేశాడు. పిల్ల కాసేపు దాన్ని చూసింది, కాసేపు తండ్రిని చూసింది. తర్వాత గబుక్కున వచ్చి తీసుకుంది. తీసుకుని పరుగెత్తలేదు.

"దూది యాడుంది నాయనా?"

ఎన్నాళ్ళకో ఆ పిలుపు. 

"తాత కాడ ఉంది."

"ఎప్పుడొస్తాది?"

"ఏకినాక."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా చాప మీద పండుకోండి, నువ్వూ అమ్మా."

మాబున్ని తలెత్తి అతని మొహంలోకి చూసింది.  గలీబును బకెట్లో నానబెట్టి, అటక మీది అతని బట్టల సంచి దించడానికి స్టూలు వేసుకుంది.