నది అవతల చనిపోయినవాళ్లు

యాహ్యా ఆ రేవుపట్నానికి తీర్పులు చెప్పే ఖాజీ అయ్యాక కూడా, ఏ తగువైనా ఎటూ తేలకపోతే తన గురువు షేక్ దావూద్ దగ్గరికే వచ్చేవాడు. ఆ రోజు పొద్దున ఒక నడివయసు స్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు.

ఆమె పేరు సఫూరా. నది అవతలి రాజ్యం ఆమెది. యుద్ధంలో అక్కడి సేనాని ఒకడు ఆమె ఊరికి నిప్పు పెట్టించాడు. ఆమె కొడుకులిద్దరూ ఆ మంటల్లోనే పోయారు. యుద్ధం ముగిశాక సేనాని నది దాటి వచ్చి, ఊళ్లు మారి మారి, చివరికి ఈ పట్నంలో గుర్రాల వ్యాపారం పెట్టుకున్నాడు. బజారులో అందరూ అతనికి సలాం చేస్తారు.

"వాళ్ల రాజ్యంలోనే చెప్పుకోమన్నాను హజ్రత్," అన్నాడు యాహ్యా.

"వాణ్ణి మా ఊరి మీదికి పంపిందే మా సుల్తాను," అంది సఫూరా. ఆమెకు కోపం కూడా రాలేదు. సేనాని ఊరు మారినప్పుడల్లా వెనకే వెళ్లి, ప్రతిచోటా ఈ మాటే చెప్పింది. ఖాజీలందరూ మర్యాదగానే విన్నారు. ఒకాయన ఖర్జూరాలు కూడా పెట్టించాడు. విచారణ మాత్రం ఎవరూ జరపలేదు.

"నేరం జరిగింది నది అవతల. నా అధికారం ఈ ఒడ్డు వరకే. నేను దాటితే రేపు వాళ్ల ఖాజీ మనవాళ్లని పట్టుకుంటాడు. దేనికైనా ఒక హద్దుండాలి కదా. నాకూ జాలిగానే ఉంది. ఏం చెయ్యను?" అన్నాడు యాహ్యా.

షేక్ ఆమె వైపు తిరిగాడు. "మీవాళ్లకి జనాజా నమాజు జరిగిందా అమ్మా?"

"చదవడానికి ఎవరు మిగిలారు బాబా?"

షేక్ గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. "నువ్వు చదివించు యాహ్యా."

శవం ఎదుట లేకపోయినా, దూరాన పోయినవాళ్లకి ఆ అంత్యక్రియల నమాజు చదివే ఆచారం ఆ పట్నంలో ఉంది. యాహ్యా ముందు నిలబడ్డాడు. వెనక గురువు, ఆయన వెనక సఫూరా. మధ్యలో ఆమె ఏడుపు వినబడి యాహ్యా గొంతు తడబడింది. అయినా పూర్తి చేశాడు.

"వాళ్లు ఎక్కడ చనిపోయారు?" అని శిష్యుణ్ణి అడిగాడు షేక్.

"నది అవతల."

"నమాజు చెల్లిందా?"

"చెల్లింది హజ్రత్."

షేక్ చాప మీద ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

యాహ్యా ఫిర్యాదు రాయడానికి కాగితం, కలం తీసుకున్నాడు. తర్వాత సఫూరాతో, "వాడి పేరు చెప్పమ్మా," అన్నాడు.

ఇన్నేళ్లలో ఏ ఖాజీ ఆమెను ఆ పేరు అడగలేదు. ఆమె చెప్పబోయి, నెమ్మదిగా నేల మీద కూర్చుంది.

యాహ్యా కూడా ఆమె ఎదురుగా కూర్చున్నాడు.