ఉడకబోయిన ఇల్లు

బట్టీల ఊళ్ళో పేరయ్య, అంకయ్య, లింగయ్య అని ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు. ఎవరింట్లోనైనా ఒక్క బుర్ర ఆలోచిస్తుంది, మా ఇంట్లో మూడు ఆలోచిస్తాయని వాళ్ళకి మహా గొప్ప. ఆ మూడింటి ధాటికి తట్టుకోలేక పేరయ్య పెళ్ళాం రత్తమ్మ పుట్టింటికెళ్ళి నెలయింది. ఆమె లేక పేరయ్యకి ముద్ద దిగడం లేదు. చివరికి కబురొచ్చింది. ఇంటికి సున్నం కొట్టి, వేడివేడి అన్నం వండి ఉంచితే రేపు పొద్దున్నే వస్తుందట.

ఇంకేముంది, ముగ్గురూ బట్టీకి పరిగెత్తి గంపెడు సున్నపు గడ్డలు తెచ్చుకున్నారు. బట్టీ మేస్త్రీ మస్తాన్ మరీ మరీ చెప్పి పంపాడు. "ఇవి మూడు రోజులు బట్టీలో వేడి తాగి కూర్చున్నాయి. నీళ్ళు తగిలితే అదంతా కక్కేస్తాయి. దూరంగా నిలబడండి."

దూరమంటే ఎంతో చెప్పలేదని లింగయ్య ఊరి పొలిమేర దాకా వెళ్ళి నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ పెరట్లో గుంట తీసి, గడ్డలేసి నీళ్ళు పోశారు. అంతే, కుతకుతమని ఉడుకు, బుసబుసమని ఆవిరి. ఇంత వేడి ఊరికే వస్తుంటే పొయ్యి ఎందుకని అంకయ్య దాన్ని కాస్తా పగలగొట్టాడు. కట్టెలు పక్కింటివాళ్ళకిచ్చేశాడు. బియ్యం గిన్నె మూతపెట్టి గుంటలో దింపితే సగం ఉడికింది కూడా. అప్పుడు తట్టింది పేరయ్యకి. రత్తమ్మ వచ్చేది రేపు, వేడి వచ్చింది ఇవాళ. రేపటిదాకా దాన్ని దాచేదెలా?

పొలిమేర నుంచి తిరిగొచ్చిన లింగయ్య బుర్ర అందుకు సిద్ధంగా ఉంది. యూరియా నీళ్ళలో కలిపితే బకెట్టు చల్లబడుతుంది కదా, అంటే యూరియా వేడిని తాగేస్తోందన్నమాట. సున్నంలాగే అదీ రేపు కక్కుతుంది. అంతే, గిన్నె తీసుకెళ్ళి యూరియా కలిపిన నీళ్ళ బకెట్లో కూర్చోబెట్టారు. గిన్నె చల్లబడుతున్నకొద్దీ, వేడి భద్రంగా లోపలికి పోతోందని ముగ్గురూ మురిసిపోయారు. ఆ మురిపెంలోనే చీకటి పడేదాకా గోడలకి సున్నం కొట్టారు.

పొద్దున చూస్తే అన్నం నూతినీళ్ళలా చల్లగా ఉంది. పసిబిడ్డకి పాలు కక్కిస్తున్నట్టు అంకయ్య బకెట్టు వీపు తట్టాడు. అది ఏమీ కక్కలేదు.

అంతలో వాన పట్టుకుంది. ఆ వానలోనే గొడుగేసుకుని రత్తమ్మ దిగింది. తెల్లటి గోడలు చూసి ఆమె మొహం విప్పారింది. అన్నం చల్లారిపోయిందని చెబితే, ఆ సంగతి తను చూసుకుంటానంటూ గడపలో కాలు పెట్టబోయింది.

పేరయ్య గోడల వంక, వాన వంక చూశాడు. నాలుగు గోడలకీ సున్నం, పైన వాన. చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"రాకు రత్తమ్మా. గోడలకి నీళ్ళు తగిలాయి, కాసేపట్లో ఇల్లు ఉడుకుతుంది. నువ్వు లేకపోతే నేను బతకలేనే. తక్షణం మీ పుట్టింటికి పో."

నెల్లాళ్ళు ఎదురుచూసిన మనిషిని తనే వీధి చివరిదాకా లాక్కెళ్ళి బస్సెక్కించాడు. రత్తమ్మ తల బాదుకుంటూ పోయింది. పెళ్ళాం ప్రాణం దక్కిందని కళ్ళు తుడుచుకుంటూ వచ్చేసరికి, తమ్ముళ్ళిద్దరూ వానలో తడుస్తూ అన్నం గిన్నెని గోడకి ఆనించి పట్టుకుని కూర్చున్నారు. పేరయ్య కూడా పక్కనే చతికిలబడ్డాడు.

"ఉడకగానే చెప్పండ్రా, మీ వదినకి కబురు పెడదాం" అన్నాడు.