వెండాకుల చెట్టెక్కిన నక్క

కొండ మీది తోటలో ఉండే అడవికోడి చుక్కమ్మకి ప్రశ్నల జబ్బు. గింజ దొరికినా సరే, ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగిగానీ మింగదు. అడగందే అమ్మైనా పెట్టదు కదా అంటుంది.

అలాంటి చుక్కమ్మకి కొన్నాళ్ళుగా నిద్ర లేదు. రాత్రిళ్ళు తను పడుకునే పనసచెట్టుకి మొదటి కొమ్మే ఎంతో ఎత్తు. పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. వాటితో నేలమీద పడుకుంటే నక్క భయం. వాటిని వదిలి పైకెక్కడానికి తల్లిప్రాణం ఒప్పదు.

ఆ సంగతి పసిగట్టి, ఎండ తగ్గుముఖం పట్టగానే నక్కన్న రానే వచ్చాడు.

"చెల్లెమ్మా, చిక్కిపోయావేం? కింది తోటలో సిల్వర్ మేపుల్ అనే వెండాకుల చెట్లున్నాయిగా! చలిదేశం నుంచి తెచ్చి అందానికి పెంచుతున్నారు. చేతికందే కొమ్మలు. రా, చూపిస్తా."

"నీకెందుకన్నయ్యా అంత శ్రమ?"

"మేనమామనన్నాక పిల్లల మంచీచెడ్డా చూడొద్దూ?"

చుక్కమ్మకి నమ్మకం కుదరలేదు. కానీ చెట్టుని చూడాలన్న కుతూహలం మాత్రం ఆగలేదు. పిల్లల్ని తుప్పలో దాచి, దూరం దూరంగా వెంట నడిచింది.

మొదటి చెట్టు కొమ్మలన్నీ ఆకాశానికే ఎక్కుపెట్టి ఉన్నాయి. "ఇది నిటారు రకం," అన్నాడు నక్కన్న.

"మరి కాళ్ళెక్కడ పెట్టాలి?"

రెండోది పసుపాకుల రకం. లేతాకులు పసుపు పూసినట్టున్నాయి. "ఇంత వెలుగులో నా నల్లపిల్లలు గద్దకి కనబడవా?"

మూడోదాన్ని చూసి చుక్కమ్మ నోరు తెరిచింది. ఆకులు సన్నసన్నగా చీలి ఉన్నాయి, కొమ్మలు కిందికి వాలి ఊగుతున్నాయి. ఆకు పైన పచ్చన, అడుగున వెండి.

"చీలికాకు రకం! నాటిన చెట్టు నాలుగేళ్ళకే ఇంతైంది. ఇంత తొందరగా ఎదిగేది ఈ కొండమీదే లేదు," అన్నాడు నక్కన్న.

"అంత తొందరేం దానికి? ఈ మాను మీద మచ్చేమిటి?"

"దిష్టిచుక్క, చెల్లెమ్మా."

చుక్కమ్మ ముక్కుతో పొడిచింది. డొల్లగా మోగింది. అటుగా బండి లాక్కుపోతున్న ముసలెద్దుని చూసింది. బండి నిండా విరిగిన కొమ్మలు, వాటికి చీలికాకులు.

"తాతా, ఇవెక్కడివి?"

"ఎక్కడివేంటమ్మా, దీనివే. సాయంకాలం కొండగాలి లేస్తుంది. ఆకులన్నీ తిరగబడి తెల్లబడతాయి. ఆ తర్వాత ఫెళ్ళుమని ఏదో ఒకటి ఊడుతుంది. పైన పటారం లోన లొటారం."

"ముసలోడికి చాదస్తం," అన్నాడు నక్కన్న.

రాత్రి కొమ్మ విరిగితే పిల్లలు ఎవరి నోట్లో పడతాయో చుక్కమ్మకి అప్పుడర్థమైంది. ఒళ్ళు మండింది. అయినా గొంతు మెత్తగానే పెట్టింది.

"మేనమామ ఎక్కి కూర్చుంటే పిల్లలకి ధైర్యమొస్తుంది. ఒక్కసారి కూర్చుని చూపించవూ?"

ఆకు కూడా కదలడం లేదు. గాలి వచ్చేలోగా దిగిపోవచ్చనుకుని నక్కన్న ఒక్క గెంతులో కొమ్మెక్కాడు.

"ఎలా ఉందన్నయ్యా?"

"పట్టుపరుపే!"

"ఆకు అడుగు తెలుపెందుకు? చలిదేశంలో దీనిమీద ఎవరుంటారు? మిగతా రెండింటికీ దీనికీ చుట్టరికమేంటి?"

పొగిడించుకునే అవకాశమొస్తే నక్క వదులుతుందా? తెలిసిందీ తెలియందీ కలిపి చెప్పుకుపోయాడు. చుక్కమ్మ ఒకటి ముగియకుండానే ఇంకొకటి అడిగింది. పొద్దు వాలింది. చెట్టు ఒక్కసారిగా తెల్లబడింది.

"అన్నయ్యా, ఆకులెందుకు తిరగబడ్డాయి?"

నక్కన్న దూకబోయాడు. ఫెళ్ళున కొమ్మ విరిగింది. తోక కొమ్మ కింద ఇరుక్కుంది. తోటమాలి కుక్కలు మొరిగాయి. సగం వెంట్రుకలు అక్కడే వదిలేసి బతుకు జీవుడా అని పరుగెత్తాడు.

"ఎందుకు పడ్డావన్నయ్యా?" అని చుక్కమ్మ వెనకనుంచి కేకేసింది. ఆ తర్వాత వెండాకు కొమ్మ కనబడితే చాలు, నక్కన్న ఆమడ దూరం పరుగెత్తేవాడు.

మాలి వచ్చి ఆ కొమ్మని ఎద్దు చేత పై తోట దారిన ఈడ్పించాడు. పనసచెట్టు దగ్గరికి రాగానే, చుక్కమ్మ కష్టం తెలిసిన ముసలెద్దు కావాలనే మొరాయించింది. ఎంత అదిలించినా కదల్లేదు. విసుగెత్తిన మాలి కొమ్మని పనసమానుకి చేరేసి, ఎద్దుని తోలుకుపోయాడు.

చుక్కమ్మ పిలవగానే తుప్పలోంచి వచ్చిన పిల్లలన్నీ ఆ ఏటవాలు కొమ్మ పట్టుకుని ఒకదాని వెనక ఒకటి పైకెక్కాయి. చుక్కమ్మ వాటిని రెక్కల కింద పొదువుకుని, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నిద్రపోయింది.

నీతి: అందాన్ని చూసి మెచ్చుకో, అడిగి తెలుసుకున్నాకే ఎక్కి పడుకో.