ఎనిమిది మంది ఉన్న ఇల్లు

పైడితల్లి మూడో కీమోకి రాలేదు. తప్పు సుహాసిని అంచనాలో ఉంది.

ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో వైద్యం జరిగినన్నాళ్లూ ఎవరికి అదనంగా సాయం కావాలో ముందే పసిగట్టడం సుహాసిని ఉద్యోగం. అందుకు ముప్పై ప్రశ్నల పట్టిక తనే తయారుచేసుకుంది. ఆమెకు పని నేర్పేది హెడ్ సిస్టర్ లూర్దుమేరీ. పట్టిక చూసి ఆవిడ బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు.

రెండుసార్లు ఫోన్ చేయిస్తే, పది రోజులు ఆలస్యంగా పైడితల్లి వచ్చింది. సగమైపోయింది మనిషి.

"చూడండి సిస్టర్, ఇంట్లో ఎనిమిది మంది. వచ్చినప్పుడల్లా వెంట ముగ్గురు. ఇంతకన్నా అండ ఎవరికుంటుంది? అందుకే సాయం అక్కర్లేదని రాశాను. నా పట్టికలో తప్పెక్కడ?" అంది సుహాసిని.

"ఆకలేస్తోంది, పద" అంది లూర్దుమేరీ.

వరండాలో పైడితల్లి క్యారేజీ విప్పుతోంది. భర్త సూరినాయుడు, మరిది, ఆడపడుచు కంచాలు పట్టుకుని కూర్చున్నారు. ముగ్గురికీ అన్నం పెట్టింది. గరిటె ఒరిగి చారు ఒలికింది.

"నెమ్మదే" అన్నాడు సూరినాయుడు.

"మీరు తినరా అమ్మా?" అడిగింది సుహాసిని.

"నోరంతా పూసీసింది తల్లీ. ముద్ద దిగదు."

"మరి ఇదంతా ఎవరు వండారు?"

పైడితల్లికి నవ్వొచ్చింది. "బాగుంది! నానొండకపోతే ఎవులొండుతారు? నాలుగింటికే లెగిసినాను."

సుహాసిని ముప్పై ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు. లూర్దుమేరీ వంగి, పైడితల్లి చేతిలోని గరిటె తీసి సూరినాయుడి చేతిలో పెట్టింది.

"ఏటిది సిస్టరమ్మా?"

"మందు, నాయుడూ. ఆమెకెక్కించేది మేం చూసుకుంటాం. ఇది నీ వంతు. రోజుకు మూడు పూటలా."

ఆడపడుచు పకపకా నవ్వింది. నాయుడు నవ్వలేదు. కాసేపు గరిటె వంక చూసి, కొంచెం అన్నం తీసి, మజ్జిగ పోసి, మెత్తగా పిసకడం మొదలుపెట్టాడు.

నాలుగో కీమోకి పైడితల్లి చెప్పిన రోజుకే వచ్చింది. చారులో ఉప్పెక్కువైందని మొగుణ్ణి దెప్పుతూనే నాలుగు ముద్దలు తింది.

కొత్తగా వచ్చిన రోగి ఎవరైనా సరే, వాళ్లతో వరండాలో ఒక పూట భోజనానికి కూర్చున్నాకే పట్టికలో ఏదైనా రాయాలని సుహాసిని ఆ రోజే అనుకుంది. పదకొండేళ్లుగా అలాగే చేస్తోంది.